ముల్లు పన్నెండు మీదికొచ్చేలోగా

తెర మీద ఎక్కడో ఒకచోట త్రికోణం గీత ఒకటి ప్రత్యక్షమవుతుంది. దాని మధ్యలో గడియారం ముల్లులాంటిది తిరగడం మొదలుపెడుతుంది. ఈలోగా ఆకుపచ్చ త్రికోణం ఒకటి తెర అంచు నుంచి వంపు తిరుగుతూ ఎగిరి వస్తుంది. ముల్లు పన్నెండు మీదికి చేరడం, ఎగిరొచ్చిన త్రికోణం గీతలో కూర్చోవడం ఒకేసారి జరుగుతాయి. సరిగ్గా అప్పుడు బటన్ నొక్కాలి. కుదిరితే ‘కూల్’. రవ్వంత తేడా వస్తే ‘ఫైన్’. ఇంకాస్త తప్పితే ‘సేఫ్’. ఆ కిందివన్నీ పరువు తక్కువ వ్యవహారాలు. వెనకాల నీలిపచ్చ జుట్టు అమ్మాయి, మోకాళ్లు దాటిన రెండు జడలు ఊపుకుంటూ పాడుతూ ఆడుతూ ఉంటుంది. ఆమెను చూడటానికే ఆట కొంటాం. తీరా ఆడేటప్పుడు ఆమె వంక చూసే తీరిక దొరకదు.

ఆ అమ్మాయి పేరు హత్సునే మికు. ఆట పేరు ప్రాజెక్ట్ దివా. 2009 నుంచి ఈ పేరుతో సెగా కంపెనీ తెచ్చిన ఆటలు డజను దాటాయి. మొన్న వేసవి సెలవులకు వచ్చిన మా మేనకోడలు లాప్‌టాప్ ముందేసుకుని, “ఇన్ని ఉన్నాయి కదా మావయ్యా, వీటిలో ఏది మంచిది?” అని అడిగింది. నోటి దాకా వచ్చిన జవాబు ఆగిపోయింది. ఇవి ఒకదాని కంటే ఒకటి మెరుగవుతూ వచ్చిన మెట్ల వరస కాదు. ఏ యంత్రం మీద పుట్టిన ఆటకు ఆ యంత్రం గుణం పట్టుకుంది. ఆ సంగతి చెప్పాలంటే అసలు ఆ గొంతు ఎక్కడిదో అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

కంప్యూటరు చేత పాట పాడించడం పాత సరదానే. 1961లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఐబీఎమ్ 704 యంత్రం ‘డైసీ బెల్’ అనే పాట పాడింది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, 2000లో, జపాన్‌కు చెందిన యమహా కంపెనీ స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఉన్న పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంతో కలిసి పాడే సాఫ్ట్‌వేర్ కోసం పరిశోధన మొదలుపెట్టింది. దానికి పెట్టుకున్న రహస్య నామం కూడా డైసీయే. యమహాలో ఆ పని నడిపించినవాడు హిదేకి కెన్మోచి. అలా తయారైనదే వోకలాయిడ్.

దాని కిటుకు మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. ఒక మనిషిని స్టూడియోలో కూర్చోబెట్టి, మన చిన్నప్పుడు గుణింతం చదివించినట్టు, అర్థం లేని అక్షరాల వరసలు రకరకాల స్థాయుల్లో పలికించి రికార్డు చేస్తారు. ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి గొంతు జారే చోటు ఉంటుంది చూశారూ, అసలు విలువ దానిది. అలాంటి ముక్కలన్నీ కోసి దాచిపెట్టి, మనం స్వరమూ సాహిత్యమూ ఇస్తే సాఫ్ట్‌వేర్ వాటిని అతుకు కనపడకుండా కుడుతుంది.

ఈ గొంతుల్ని జపాన్‌లో అమ్మింది హొక్కైదో దీవిలోని సప్పొరో నగరంలో ఉన్న క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా. హిరోయుకి ఇతో 1995లో పెట్టిన ఈ కంపెనీ అంతకుముందు రెడీమేడ్ శబ్దాలు అమ్ముకునేది. 2004లో మెయికో, 2006లో కైతో అనే గొంతులు తెచ్చారు. అప్పటికి అవి సంగీతం పనివాళ్ల సామాన్లే. 2007లో వోకలాయిడ్ రెండో తరం సిద్ధమయ్యేసరికి ఇతో బృందం దారి మార్చింది. గాయకులు తమ గొంతుకు నకలు తీయించుకోవడానికి జంకారు. దాంతో యానిమేషన్ బొమ్మలకు డబ్బింగ్ చెప్పే సాకి ఫుజితా గొంతు తీసుకున్నారు. పెట్టె మీద బొమ్మ గీసే పని కెయి అనే చిత్రకారుడికి అప్పగించి, యమహా పాత సింథసైజర్ల రంగుల్లో గీయమన్నారు. పదహారేళ్ల వయసు, 158 సెంటీమీటర్ల ఎత్తు అని వివరాలు రాశారు. కథ మాత్రం రాయలేదు. అమ్మానాన్నలు ఎవరో, ఎక్కడ చదువుతుందో, దేన్ని చూసి ఏడుస్తుందో, ఏమీ లేదు. 2007 ఆగస్టు 31న పెట్టె బజారుకొచ్చింది. హత్సు అంటే తొలి, నే అంటే శబ్దం, మికు అంటే భవిష్యత్తు.

కథ లేకపోవడమే ఆమె అదృష్టం. అంతకు ముందటి డిసెంబరులో మొదలైన నికోనికో డోగా అనే వీడియో వేదిక అప్పటికే కుర్రకారుతో కిటకిటలాడుతోంది. ఒకడు పాట కట్టి పెట్టేవాడు, ఇంకొకరు దానికి బొమ్మ గీసేవారు, మరొకరు ఆ బొమ్మను కదిలించేవారు. మొదట్లో పాటలన్నీ మికు గురించే, “నేను పాడే యంత్రాన్ని” అనే ధోరణిలో ఉండేవి. 2007 డిసెంబరులో ర్యో అనే సంగీతకారుడు పెట్టిన ‘మెల్ట్’ ఆ ధోరణిని తిప్పేసింది. అందులో ఉన్నది ఒక మామూలు అమ్మాయి ప్రేమ. మికు ఆ పాటలో నాయిక కాదు, గాయని. పాటలు కట్టేవాళ్లకు ‘పి’ అనే తోక తగిలించి పిలవడం కూడా అక్కడి అలవాటే. పి అంటే ప్రొడ్యూసర్. అదే డిసెంబరులో క్రిప్టన్ పియాప్రో అనే వేదిక తెరిచి, డబ్బు కోసం కాకపోతే మా బొమ్మను మీ ఇష్టం వచ్చినట్టు వాడుకోండి అని తలుపులు బార్లా తీసింది. ఆ నెలాఖరుకే కవలల్లాంటి రిన్, లెన్ అనే కొత్త గొంతులు వచ్చాయి. 2009 జనవరిలో లూకా వచ్చింది.

అలాంటి సమయంలో సెగా వచ్చింది. మామూలుగా అయితే ఆట తయారుచేసేవాళ్లు నాయికనూ, పాటల్నీ, అభిమానుల్నీ మూడింటినీ తామే పుట్టించుకోవాలి. ఇక్కడ మూడూ ముందే ఉన్నాయి. లేనిదల్లా ఆడే శరీరం. హిరోషి ఉత్సుమి నిర్మాతగా, సెయిజి హయాషి దర్శకుడిగా ఆ శరీరాన్ని సోనీ చేతి యంత్రం పీఎస్‌పీ మీద నిలబెట్టారు. 2009 జులై 2న మొదటి ప్రాజెక్ట్ దివా విడుదలైంది.

దాన్ని ఇప్పుడు ఆడితే పాతకాలం హార్మోనియంలా ఉంటుంది. నాలుగు బటన్లు, అవే గుర్తులు, పట్టి ఉంచడాలు లేవు, జంట నొక్కుళ్లు లేవు. కానీ చాలా లయ ఆటల్లో లేని పని ఒకటి చేసింది. 1997 నాటి బీట్‌మేనియాలో గుర్తులు పైనుంచి కిందికి రాలతాయి. డాన్స్ డాన్స్ రివల్యూషన్‌లో కింది నుంచి పైకి లేస్తాయి. డోలు వాయించే తైకో నో తత్సుజిన్‌లో కుడి నుంచి ఎడమకు వస్తాయి. అన్నిట్లోనూ మన కళ్లు ఒక గీత మీద కాపలా కాయాలి. దివాలో గీత లేదు. గుర్తు తెర మీద ఎక్కడైనా పుడుతుంది. కుడి పైమూల ఒకటి, మధ్యలో మూడు, కింద వంకీ తిరిగిన ఆరు. వాటి వెంట కళ్లు తెరంతా తిరుగుతాయి. నాట్యాన్ని నేరుగా చూడకపోయినా కంటి కొసన దాని కదలిక తగులుతూనే ఉంటుంది. ఈ సిరీస్‌లో తర్వాత ఏది మారినా ఆ పద్ధతి మాత్రం మారలేదు. నా లెక్కలో ఈ ఆటల అసలు ప్రత్యేకత అదే.

ఇంకో ముచ్చట కూడా మొదటి ఆటలోనే ఉంది. ఎడిట్ మోడ్ అని ఒకటి పెట్టారు. మెమొరీ స్టిక్‌లో ఉన్న మన సొంత పాట తీసుకుని, మికు చేత ఏ భంగిమలు పట్టించాలో, కెమెరా ఎటు తిరగాలో, ఏ గుర్తు ఎప్పుడు ఎగిరి రావాలో మనమే కూర్చుకోవచ్చు. జనం పాటలతో పుట్టిన గాయనికి ఆట కూడా జనం చేతుల్లో పెట్టడం న్యాయంగానే ఉంది.

2010 జులైలో రెండోది, ‘సెకండ్’ వచ్చింది. పీఎస్‌పీకి కుడివైపు నాలుగు బటన్లున్నట్టే ఎడమవైపు నాలుగు దిక్కుల బాణాలూ ఉన్నాయి కదా. అప్పటిదాకా ఊరికే కూర్చున్న ఎడమ బొటనవేలికి పని దొరికింది. బాణం గుర్తు వస్తే ఆ దిక్కు బాణాన్నీ, దానికి జతైన బటన్‌నూ ఒక్కసారే నొక్కాలి. కోలాటంలో రెండు కర్రలూ కలిసి తగిలినప్పుడు వచ్చే తృప్తి ఉంటుంది చూడండి, అదే ఇదీ. పట్టి ఉంచే గుర్తులు కూడా ఇందులోనే చేరాయి. 2011 నవంబరులో వచ్చిన ‘ఎక్స్‌టెండ్’ దీనికే పొడిగింపు. చెప్పడానికి పెద్దగా లేదు.

అదే 2010లో మరో కొమ్మ మొలకెత్తింది. ఆ ఏడాది జూన్‌లో జపాన్ గేమ్ సెంటర్లలోకి ప్రాజెక్ట్ దివా ఆర్కేడ్ వచ్చింది. చేసినవాళ్లు సెగాలోనే వర్చువా ఫైటర్ అనే ఆట చేసిన ఏఎమ్‌2 విభాగం. ఇంటి ఆట వేళ్లతో ఆడేదైతే ఇది అరచేతులతో ఆడేది. నిలువెత్తు యంత్రం, పెద్ద తెర, దాని ముందు గుండ్రటి నాలుగు పెద్ద బటన్లు. నిలబడి, నాణెం వేసి, అటూ ఇటూ జనం చూస్తుండగా వాయించాలి. ఎడమ బాణాలు లేవు కనుక బాణం గుర్తులూ లేవు. వాటి బదులు రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు బటన్లు ఒకేసారి చరచాలి.

అక్కడి నుంచి నేను వీటిని ఇంటి దివా, వీధి దివా అని రెండుగా చూస్తాను. ఇంటి వంట, హోటల్ వంట అన్నట్టు. రెండిట్లోనూ ఉన్నవి చాలావరకు ఒకే పాటలు, ఒకే అమ్మాయి. రుచి వేరు. ఆ తేడా తెలియాలంటే ‘పట్టి ఉంచే’ గుర్తు ఒక్కటి చాలు. ఇంటి దివాలో అది అప్పు లాంటిది. పట్టుకున్నారా, తోక చివర కూడా సరిగ్గా లయ మీదే వదలాలి. ముందు వదిలినా తప్పే, ఆలస్యమైనా తప్పే. వీధి దివాలో అది ఆశ. పట్టి ఉంచితే అంకెలు పెరుగుతుంటాయి, వదిలేస్తే జరిమానా ఏమీ లేదు. కానీ ఒక చేత్తో పట్టుకుని ఉండగానే మిగతా గుర్తులు మీద పడతాయి. రెండో చెయ్యి ఒక్కటే మూడు బటన్లనూ చూసుకోవాలి. చివరిదాకా నిలబడితే బోనస్. నాణెం వేసి ఆడేవాడికి ఆశ చూపించాలి, పెట్టె కొని ఇంట్లో ఆడేవాడికి క్రమశిక్షణ నేర్పాలి. వ్యాపారం తెలిసినవాళ్లు చేసిన పని.

ఆ రోజుల్లోనే ఆట తెర దాటింది. 2010 మార్చి 9న టోక్యోలోని జెప్ టోక్యో హాల్లో మికు కచేరీ జరిగింది. మూడుని మి అనీ తొమ్మిదిని కు అనీ చదివితే మూడో నెల తొమ్మిదో తేదీ మికు అవుతుంది. ఆ రెండు అంకెల్నే సాన్‌క్యూ అని చదివితే థాంక్యూ అవుతుంది. వేదిక మీద నిజమైన వాద్యకారులు, మధ్యలో పారదర్శకమైన తెర, వెనక నుంచి దాని మీద పడే మికు. ఆ నాట్యం సెగా ఆట కోసం కూడగట్టిన పనితనం నుంచే వచ్చింది. 2011 జులైలో ఆమె అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో కూడా పాడింది. ఆటలు మాత్రం అప్పటికింకా అక్కడికి చేరలేదు.

ఈ వరసలో నవ్వు తెప్పించేది డ్రీమీ థియేటర్. 2010 జూన్‌లోనే ప్లేస్టేషన్ 3కి డౌన్‌లోడ్‌గా వచ్చింది. పీఎస్‌పీ ఆటనే పెద్ద టీవీలో మెరుగులు దిద్దుకున్న బొమ్మలతో చూసుకోవచ్చు. కాకపోతే ఆడాలంటే పీఎస్‌పీని వైరుతో ప్లేస్టేషన్‌కు తగిలించాలి. సొంత ఇల్లు కట్టుకున్నాక కూడా పాత అద్దింటి తాళంచెవి చూపిస్తేనే తలుపు తీసినట్టు.

2012 ఆగస్టు 30న పీఎస్ వీటా మీదికి ‘ఎఫ్’ వచ్చింది. మరుసటి మార్చిలో ప్లేస్టేషన్ 3కి వచ్చినదాని పేరూ ఎఫ్‌యే. చేతి యంత్రానిది చిన్న ఎఫ్, టీవీది పెద్ద ఎఫ్. తెలుగులో రాసేవాడికి ఈ తేడా చూపించే దారి లేదు. వీటాకు తాకే తెర ఉంది. ఇంకేం, కొత్త గుర్తు పుట్టింది, నక్షత్రం. నక్షత్రం వస్తే బటన్ వదిలేసి వేలితో తెర మీద గీకాలి. జపాన్‌లో ఉద్యోగం చేసొచ్చిన ఒక మిత్రుడి దగ్గర నేను ఆడిన మొట్టమొదటి దివా అదే. ఓ సాయంత్రం జంతికలు తింటూ కూర్చున్నాం. ఆ నూనె వేళ్లతోనే నక్షత్రాలు గీకాను. పాట సగానికొచ్చేసరికి మికు మబ్బుల్లో ఆడుతున్నట్టు కనిపించింది. మిత్రుడు ఏమీ అనలేదు గాని, మళ్లీ యంత్రం నా చేతికివ్వడానికి నెల పట్టింది. టీవీ ఎఫ్‌లో అదే నక్షత్రానికి స్టిక్‌ని చటుక్కున తోయాలి. చేతిలో వేలి రాపిడిగా పుట్టినది టీవీ దగ్గరికొచ్చేసరికి విదిలింపుగా మారింది.

2013 ఆగస్టులో అమెరికాలో అడుగుపెట్టిన మొదటి దివా ఈ పెద్ద ఎఫ్‌యే. 2014 మార్చిలో ‘ఎఫ్ సెకండ్’ వచ్చింది. జంట నక్షత్రాలు, గొలుసు నక్షత్రాలు తోడయ్యాయి. ఇంటి దివా కొమ్మలో పక్వానికొచ్చిన పండు ఇదేనని నా అభిప్రాయం. గుర్తులు పాటలోని వాద్యాన్ని వదిలి గొంతు వెంట, మళ్లీ గొంతును వదిలి డ్రమ్ము వెంట ఎలా దూకుతాయో గమనిస్తే, కూర్చినవాడు పాటను ఎన్నిసార్లు విన్నాడో తెలుస్తుంది.

పక్కన మరో చిన్న పాయ ఉంది. నింటెండో 3డీఎస్ మీద 2012లో వచ్చిన ప్రాజెక్ట్ మిరాయ్. గుడ్ స్మైల్ కంపెనీ వాళ్ల నెండొరాయిడ్ బొమ్మల్లా తల పెద్దగా, ఒళ్లు చిన్నగా ఉండే మికు. ఇక్కడ గుర్తులు చెల్లాచెదరుగా పుట్టవు, పాటను బట్టి మెలికలు తిరిగే ఒక తాడు మీద నడుస్తాయి. మడమ తిప్పని పోటీగాళ్లకు ఇది నచ్చదు. పిల్లలకు నచ్చుతుంది, నాకూ నచ్చింది.

2016లో రెండు కొమ్మలూ ఎదురుపడ్డాయి. మార్చిలో ఇంటి కొమ్మ నుంచి ‘ఎక్స్’ వచ్చింది. దానికి కథ తగిలించారు. వేరువేరు గుణాల మబ్బుల లోకాలు, వాటికి పాటలతో శక్తినివ్వడం, పాటాడితే చీటీ తీసినట్టు దుస్తులు దొరకడం. పాటలు ముప్ఫై, వాటిలో కొన్ని పాటల ముక్కలు కలిపి కట్టిన మెడ్లీలు. కథ లేకపోవడమే బలంగా పెరిగిన అమ్మాయికి కథ తొడిగితే అది అరువు చొక్కాలా వేలాడింది. జూన్‌లో వీధి కొమ్మ నుంచి ‘ఫ్యూచర్ టోన్’ ప్లేస్టేషన్ 4కు దిగింది. గేమ్ సెంటర్లలో ఆరేళ్లుగా పోగైన సరుకంతా ఇంటికి తెచ్చి కుమ్మరించినట్టు, రెండు మూటలుగా, రెండు వందలు దాటిన పాటలు. ఆర్కేడ్ యంత్రానికి 2013లో చేర్చిన స్లైడర్ పట్టీ గుర్తులు కూడా వచ్చాయి, పట్టీ మీద చెయ్యి జార్చడానికి బదులు స్టిక్ తోయడంగా. ముప్ఫైకీ రెండు వందలకీ పోటీ ఏముంటుంది? హోటల్ వంటే ఇంటికొచ్చాక ఇంట్లో పొయ్యి వెలిగించే పని తప్పింది. ఆ తర్వాత ఇంటి కొమ్మ నుంచి కొత్త దివా రాలేదు. బాణం గుర్తు, గీకుడు నక్షత్రం అక్కడే ఆగిపోయాయి.

2020 ఫిబ్రవరిలో నింటెండో స్విచ్‌కు వచ్చిన ‘మెగా మిక్స్’ ఫ్యూచర్ టోన్ వారసురాలే. 101 పాటలు. బొమ్మల్ని మాత్రం కార్టూను పద్ధతిలోకి మార్చారు. పాతవాళ్లు గొణిగారు. 2022 మేలో పీసీకి వచ్చిన ‘మెగా మిక్స్ ప్లస్’లో ఆ గొడవ తీర్చేశారు. కార్టూను రూపం కావాలో ఫ్యూచర్ టోన్ రూపం కావాలో ఎవరికి వారే ఎంచుకోవచ్చు.

అదే 2020 సెప్టెంబరులో ఫోన్లలోకి ‘కలర్‌ఫుల్ స్టేజ్’ వచ్చింది. సెగాతో కలిసి కలర్‌ఫుల్ ప్యాలెట్ చేసినది. అందులో మికు బృందంతో పాటు కొత్తగా అల్లిన హైస్కూలు పిల్లలు, వాళ్ల బృందాలు, బోలెడంత కథ. గుర్తులు మళ్లీ పైనుంచి కిందికి రాలడం మొదలుపెట్టాయి. అందులో ఆశ్చర్యం లేదు. ఫోన్లో బటన్లుండవు, తెరే బటన్. గుర్తు ఎక్కడ పుడితే అక్కడ వేలు పెట్టాలంటే అరచేయి ఆటనంతా కప్పేస్తుంది. వేళ్లకు కిందిభాగం వదిలేసి, గుర్తుల్ని అక్కడికే రప్పించుకోవాలి. తెరంతా తిరిగిన గుర్తు చివరికి గీత దగ్గరికే చేరింది.

ఈ కథంతా చెప్పి, పీసీలో దొరుకుతుంది గనక మా మేనకోడలి చేత మెగా మిక్స్ ప్లస్ కొనిపించాను. తను ఫోన్లో కలర్‌ఫుల్ స్టేజ్ ఆడి ఆడి ఉన్న పిల్ల. మొదటి పాటకే చూపు తెర కిందికి అతుక్కుపోయింది. గుర్తులు పైన పుట్టి పైనే పోతున్నాయి.

“కిందికి చూడకు, అంతటా చూడు” అన్నాను.

“అంతటా అంటే ఎక్కడ మావయ్యా?”

నాలుగో రోజుకి దారిలో పడింది. కీబోర్డు మీద చప్పుడు వంటింట్లోకి వినిపించేంత జోరు. వెనక నిలబడి చూస్తున్నాను. వరసగా తప్పు లేకుండా నూట ఇరవై దాకా వచ్చింది. ఉన్నట్టుండి చెయ్యి ఆగింది. ఎగిరొచ్చిన గుర్తులు ఒకదాని వెనక ఒకటి ఖాళీగా కరిగిపోతున్నాయి. ఏమైందని వంగి చూస్తే, నోరు తెరుచుకుని మికు వంకే చూస్తోంది.

“ఇంత బాగా ఆడుతోందని చెప్పలేదేం?” అంది, కళ్లు తిప్పకుండా.